వెనక గుమ్మం కన్ను

కెమెరా మెకానిక్‌ని చంపినవాళ్ళు అతని పర్సు ముట్టుకోలేదు. చేతి వాచీ ముట్టుకోలేదు. ఒంటి మీది నీలం యూనిఫాం విప్పుకుపోయారు. సంచిలోంచి కొత్త బ్యాటరీ ఒకటి పట్టుకుపోయారు. అంతే.

"లిఫ్టులో కూర్చోబెట్టి పోయారు," అన్నాడు పెద్దాయన. "మనవాళ్ళు వెళ్ళేసరికి పై అంతస్తు వాళ్ళెవరో దుప్పటి తెచ్చి కప్పారు."

ఆ దుప్పటి మాట దగ్గర ఏజెంట్ చలిచీమకి ప్రాణం కాస్త కుదుటపడింది. 

వాళ్ళు కూర్చున్నది ఒక లాండ్రీ వెనక గది. ముందు కౌంటర్లో "ఇస్త్రీ అయిందా?" అని అడగాలి. "ఒక్క ముడత మిగిలింది" అని జవాబొస్తే లోపలికి దారి. పెద్దాయన ఆ డిపార్ట్‌మెంట్‌కి చీఫ్. చలిచీమ అతని ఏజెంటు. ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుంటాడు కాబట్టి ఆ పేరు. అది చలి కాదని, భయమని అందరికీ తెలుసు. కానీ ఎవరూ ఎగతాళి చెయ్యరు. ధైర్యవంతుల ఫోటోలు ఆ గది గోడ మీద దండలతో వరసగా ఉన్నాయి. ఇతను మాత్రం ప్రతి మిషన్‌కీ వణుకుతూ వెళ్ళి, వణుకుతూనే తిరిగొస్తున్నాడు.

"మౌని దొరికాడు," అన్నాడు పెద్దాయన.

చలిచీమ చేతులు చంకల్లోంచి బయటికొచ్చాయి. దేశం అవతలి గూఢచారి ముఠాకి నాయకుడు మౌని.

"నిజానికి ముగ్గురు దొరికారు. ముగ్గురిలో ఒకడు మౌని. ఎవడో తెలీదు. మొహం ఆపరేషన్ చేయించుకున్నాడు. వేలిముద్రలు కాల్చుకున్నాడు. పళ్ళు మాత్రం పాతవే. ఆ పళ్ళు కట్టిన డాక్టరమ్మ మన దగ్గరుంది. రేపు పొద్దున ముగ్గురి నోళ్ళూ చూసి వీడే అని చెప్తుంది. చెప్పకపోతే ముగ్గుర్నీ వదిలెయ్యాలి."

"ఆమె ఉండేది ఎక్కడ సార్?"

"సేఫ్ హౌస్‌లో. తోడు వాళ్ళ అక్క. వెనక గుమ్మం మీద కెమెరా ఉంది. ఆరు నెలలు రావాల్సిన బ్యాటరీ మూడు వారాలకే చచ్చింది. మార్చడానికి వెళ్తున్న మెకానిక్ ఇలా అయ్యాడు. ఇప్పుడు నువ్వు వెళ్ళి మార్చాలి."

"గుమ్మానికి గార్డుల్ని పెట్టొచ్చుగా?"

"గార్డుని నిలబెడితే లోపల ఎవరో దాక్కున్నారని బోర్డు కట్టినట్టే. మలుపులో బ్రెడ్డు వ్యాన్ ఉంది. అందులో మనవాళ్ళున్నారు. అది చాలని సంపెంగ సలహా."

సంపెంగ పేరు చెబితే డిపార్ట్‌మెంట్‌లో కుర్రాళ్ళు కాలర్లు సర్దుకుంటారు. మౌని ముఠాలో చేరి, మనకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆమె వెళ్ళిపోయాక కూడా ఆమె సెంటు గదిలో కాసేపు కూర్చునే ఉంటుంది.

ల్యాబ్ నడిపే ఆవిడని అందరూ పిన్ని అంటారు. ఆవిడ వచ్చి చలిచీమ అరచేతిలో నల్లటి బ్యాటరీ ఒకటి పెట్టింది.

"ఇది అసలుది. మౌని ముఠా దీనికి కవల పిల్లని తయారుచేసింది. చిటికెడు బ్యాటరీ, మిగతాదంతా మందుగుండు. ఆ కవలని కెమెరాలో పెట్టాక ఎవరైనా ఫోన్లో సైరన్ బటన్ నొక్కారనుకో, సైరన్ మోగదు."

"మరి?"

"ఇల్లు మోగుతుంది. బయటికి లాగినా అంతే. రీస్టార్ట్ చేసినా అంతే. కెమెరాలో సిమ్ ఉంది కాబట్టి ఇంట్లో వైఫై పీకేసి లాభం లేదు. లైవ్ తెరిస్తేనే సైరన్ బటన్ కనిపిస్తుంది. ఒకసారికి ఒక్కరే లైవ్ చూడగలరు. అలా చూడగలిగే ఫోన్లు మూడే. నాది, వాళ్ళక్కది, సంపెంగది."

చలిచీమ బ్యాటరీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "స్టూలు ఎక్కాలా పిన్నీ?"

"ఎక్కకుండా ఎగురుతావా?"

బాంబు కంటే స్టూలు అతనికి దగ్గరి భయం. ఇంట్లో బల్బు మార్చేటప్పుడు భార్య కింద స్టూలు పట్టుకుని, పైకి చూస్తూ, తిడుతూ ఉండేది. ఆమె పోయి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో మాడిపోయిన బల్బులన్నీ అలాగే ఉన్నాయి. మసక వెలుగులో కూడా అన్నం తినొచ్చని అతను నేర్చుకున్నాడు.

అతను లేచేసరికి పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఆ నీలం యూనిఫాం ఊళ్ళో తిరుగుతోంది. దాన్ని తొడుక్కున్నవాడికంటే ముందు నువ్వు చేరాలి."

*

చలిచీమ సందులోకి వచ్చేసరికి సాయంత్రమైంది. వాన సన్నగా పడుతోంది. మెకానిక్ వేషానికి తొడుక్కున్న నీలం చొక్కా చేతులు వేళ్ళ దాకా జారుతున్నాయి. సంచిలో బ్యాటరీ, పిస్తోలు, ఒక స్క్రూడ్రైవర్. 

తలుపు తెరిచిన మనిషి అతని మొహం కూడా చూడలేదు. చూపు చేతిలోని ఫోన్ మీదే ఉంది. ఆమె డాక్టరమ్మ అక్క.

"కుళాయి కారుతోందని కబురు పెట్టారా అండీ?" అన్నాడు చలిచీమ. అది కోడ్ వర్డ్.

"కారితే కారనీ... అయినా మళ్ళీ వచ్చావేంటయ్యా? ఈ మాట మధ్యాహ్నం వచ్చినవాడు చెప్పేశాడుగా!"

"మధ్యాహ్నం... ఎవరొచ్చారు?"

"మీవాడే. ఇదే చొక్కా. వాడికి సరిగ్గా కుట్టినట్టుంది, నీకు మీ అన్న చొక్కా తొడుక్కున్నట్టుంది. బ్యాటరీ వేసి పోయాడు. బంగారంలా పనిచేస్తోంది, చూడు."

ఫోన్లో వెనక సందు కనిపించింది. తడుస్తున్న చీపురు, బోర్లించిన బకెట్టు, కెమెరా కిందే గోడకి ఆనించిన గ్యాస్ సిలిండరు. గోడకి ఇవతల వంటిల్లు.

కవల పిల్ల ఇంట్లోకి వచ్చేసింది. వ్యాన్‌లో వాళ్ళకి నీలం చొక్కా వస్తుందని ముందే తెలుసు. మెకానిక్ పోయిన కబురు అందకముందే వచ్చింది, వదిలారు. కోడ్ వర్డ్ కూడా సరిగ్గా చెప్పాడంటే, లోపలివాళ్ళెవరో అమ్మేశారు.

వంటింట్లో బల్ల దగ్గర డాక్టరమ్మ వేడినీళ్ళు తాగుతోంది. "రండి," అంది. "మా అక్కతో మాట్లాడి లాభం లేదు. మూడు వారాలుగా ఆ ఫోన్లోనే కాపురముంటోంది."

"ఉండనా మరి? నీకేమే, గుర్రుపెట్టి నిద్రపోతావు. సంపెంగ మేడమ్ చేతులు పట్టుకుని చెప్పింది. 'రెప్ప వెయ్యకుండా చూస్తుండక్కా, చెల్లి ప్రాణం నీ కళ్ళలో ఉంది' అని."

చలిచీమ బల్ల అంచు పట్టుకున్నాడు. ఇలాంటి కెమెరా మామూలుగా నిద్రపోతుంది. ఎదురుగా ఏదైనా కదిలితేనే లేస్తుంది. అందుకే బ్యాటరీ ఆరు నెలలొస్తుంది. పగలూ రాత్రీ ఎవరో లైవ్ చూస్తూ కూర్చుంటే దానికి కునుకు లేదు. అలా అయితే మనిషైనా ఎన్నాళ్ళు బతుకుతాడు?

"కొత్త బ్యాటరీ పెట్టినప్పటినుంచీ చూస్తున్నారా అక్కా?"

"ఒక్క క్షణం వదల్లేదు నాయనా. బాత్రూమ్‌కి కూడా పట్టుకెళ్ళాను."

అప్పుడే డాక్టరమ్మ ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ నొక్కింది. తేనె పూసిన గొంతు.

"డాక్టరుగారూ, నేను సంపెంగని. అక్క ఇంకా ఆ ఫోన్ పట్టుకునే ఉందా? పాపం, కళ్ళు పాడవుతాయండీ. కొత్త బ్యాటరీ వచ్చిందిగా, ఇంక భయం లేదు. ఆ ఫోన్ పక్కన పడేసి కాసేపు పడుకోమనండి."

"అలాగే," అంది డాక్టరమ్మ. ఫోన్ పెట్టేసింది.

చలిచీమ, డాక్టరమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. అక్క కళ్ళు మాత్రం తెరమీదే ఉన్నాయి.

"నిన్నటిదాకా చూడమంది," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఇవాళ వద్దంటోంది."

"అక్కా," అన్నాడు చలిచీమ. "మీకు దణ్ణం పెడతాను. కళ్ళు తియ్యకండి. మీరు చూస్తున్నంతసేపు ఆవిడ లైవ్‌లోకి రాలేదు. వచ్చిందంటే బటన్ నొక్కుతుంది. ఆ కెమెరాలో ఉన్నది బాంబు."

అక్క మొహంలో నెత్తురు లేదు. బొటనవేలు మాత్రం కదల్లేదు.

అతను ముందు గదికి పాకి, కర్టెను అంచు తప్పించాడు. ఎదురు చూరు కింద, సరిగ్గా కుట్టినట్టున్న నీలం చొక్కా. చెయ్యి జేబులో. బయటికి పరుగెత్తినవాళ్ళ కోసం కాచుకుని ఉన్నాడు. వ్యాన్‌లో వాళ్ళని పిలవచ్చు. కానీ వాడు దొరికాడని సంపెంగకి తెలిస్తే ఎలాగైనా లైవ్‌లోకి దూరుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అతను వ్యాన్‌కి గుసగుసగా చెప్పాడు. "నేను 'ఇప్పుడు' అనేదాకా ఎవరూ కదలకండి." తర్వాత పిన్నికి ఫోన్ చేశాడు.

"పాస్‌వర్డ్ మార్చలేవా పిన్నీ?"

"మారిస్తే రీస్టార్ట్ అవుతుంది. చార్జ్ ఎంతుంది?"

"ఏడు," అంది అక్క.

"ఏడంట."

అవతల పిన్ని ఊపిరి పీల్చడం వినిపించింది. "ఒరేయ్, అది చిటికెడు బ్యాటరీయే, ఒక్క పూటకే అయిపోతుంది. మందు అంటుకోవడానికి నిప్పురవ్వ కావాలిగా, దానికీ ఆ చార్జే దిక్కు. అయిపోతే అది ఉత్త ఇటుక ముక్క. కెమెరా లైటు వేయించు. చూస్తూ ఉండమను. తాగెయ్యండి దాన్ని!"

అక్క లైటు వేసింది. వెనక సందులో వాన తీగలు తెల్లగా మెరిశాయి.

ఆరు. అయిదు.

"ఇందులో ఒక తిరకాసు ఉంది నాయనా," అంది అక్క. "కొన్ని నిమిషాలకోసారి ఇది తనంతట తానే ఆగిపోతుంది. 'ఇంకా చూస్తున్నారా?' అని అడుగుతుంది. మళ్ళీ నొక్కాలి."

ఆ మధ్యలో తలుపు తెరిచి ఉన్నట్టే. ఎవరి వేలు ముందు పడితే వాళ్ళది కెమెరా.

తెర ఆగింది. ప్రశ్న వచ్చింది. అక్క వేలు పాము నాలుకలా కదిలింది. మళ్ళీ వాన, మళ్ళీ బకెట్టు.

నాలుగు.

డాక్టరమ్మ ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి గొంతులో తేనె పల్చబడింది. "అక్క పడుకుందా?"

అక్కే జవాబిచ్చింది, తల తిప్పకుండా. "లేదమ్మా. నువ్వే చెప్పావుగా, నా కళ్ళలో ప్రాణముందని. నిద్ర ఎలా పడుతుంది?"

అవతల లైన్ తెగింది.

ఆవిడకి తెలిసిపోయింది. చలిచీమ పళ్ళు టకటకమంటుంటే డాక్టరమ్మ ఆ శబ్దం విని, వృత్తి కొద్దీ అతని దవడ వంక చూసింది. తన గ్లాసులోని వేడినీళ్ళు అతని ముందుకు జరిపింది. అతను రెండు చేతులా పట్టుకున్నాడు. గ్లాసు వెచ్చగా ఉంది. చచ్చే ముందు చేతులు వెచ్చగా ఉండటం కూడా తక్కువ సంగతేం కాదు అనుకున్నాడు.

మూడు. రెండు.

తెర ఆగింది. అక్క నొక్కింది. గెలిచింది.

ఒకటి.

తెర ఆగింది. అక్క నొక్కింది. చెమటకి వేలు జారింది. మళ్ళీ నొక్కింది. వాన రాలేదు. బకెట్టు రాలేదు. రెండు ముక్కలొచ్చాయి.

'మరొకరు చూస్తున్నారు.'

"పోయింది నాయనా!" అంది అక్క.

చలిచీమ ఇద్దర్నీ బల్ల కిందికి తోసి, తను గోడవైపు వీపు పెట్టి అడ్డంగా పడుకున్నాడు. కిటికీ అద్దంలోంచి కెమెరా తెల్ల లైటు, పక్కన ఎవరో చూస్తున్నారని చెప్పే చిన్న నీలం చుక్క కనిపిస్తున్నాయి. నీలం చుక్క ఒక్కసారి ఎర్రగా మారింది. ఎవరో ఎక్కడో బటన్ నొక్కారు.

ఎర్ర చుక్క వణికింది. తెల్ల లైటు తగ్గింది. రెండూ ఆరిపోయాయి.

వాన చప్పుడు. చూరు నీళ్ళు బోర్లించిన బకెట్టు మీద పడుతున్నాయి. అంతే.

బల్ల కిందినుంచి అక్క గొంతు తెర మీది అక్షరాలు చదివింది. "'కెమెరా ఆఫ్‌లైన్‌లో ఉంది. దయచేసి బ్యాటరీ మార్చండి.'"

చలిచీమ వ్యాన్‌కి ఒక్క మాట చెప్పాడు. "ఇప్పుడు."

*

నీలం చొక్కా చూరు కిందే దొరికింది. సంపెంగ రెండు వీధుల అవతల, కారులో దొరికింది. పట్టుకునేసరికి కూడా ఆమె వేలు సైరన్ బటన్ మీదే ఉంది. ఆ వెంటనే బాంబులవాళ్ళు వచ్చి ఇటుక ముక్కని పట్టుకుపోయారు.

మర్నాడు ముగ్గురిలో ఇద్దరు నోరు తెరిచారు. మూడోవాడు తెరవనన్నాడు. డాక్టరమ్మ మొండి పేషెంట్లని చాలామందిని చూసింది. ఏం మాట్లాడకుండా అతని ముక్కు మూసింది. మౌని మాత్రం ఎంతసేపు మౌనంగా ఉంటాడు?

ఆ కబురు చెప్పడానికి పెద్దాయన చలిచీమకి ఫోన్ చేశాడు. చివర్లో అడిగాడు. "ఇంతకీ బ్యాటరీ మార్చావా?"

చలిచీమ సంచి తడుముకున్నాడు. అసలు బ్యాటరీ అందులోనే ఉంది.

మధ్యాహ్నానికి అతను మళ్ళీ ఆ వెనక సందులో ఉన్నాడు. అక్క కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. "మొదటి బ్యాటరీని చంపింది నేనేగా," అంది.

"రెండోదాన్ని చంపింది కూడా మీరే అక్కా. మీరు చూడకపోయి ఉంటే నిన్న మధ్యాహ్నమే అయిపోయేది. ఇక మాత్రం వెళ్ళి పడుకోండి."

ఆమె బుద్ధిగా తలూపి లోపలికి వెళ్ళింది. అతను స్టూలు వేసుకుని, గోడ పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఎక్కాడు. మోకాళ్ళు వణికాయి. బ్యాటరీ లోపలికి తోశాడు. టిక్.

వెంటనే నీలం చుక్క వెలిగింది.

ఎవరో చూస్తున్నారు.

కెమెరా స్పీకర్లోంచి గొంతు గరగరమంది. "నేనే నాయనా. స్టూలు ఎడమకాలు లేచింది, చూసుకుని దిగు. వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు."

మూడేళ్ళ తర్వాత మొదటిసారి, అతను వణక్కుండా కిందికి దిగాడు. ఈ బ్యాటరీ కూడా మూడు వారాలకి మించి రాదన్న సంగతి మాత్రం రిపోర్టులో రాయలేదు.