ఎడమకి లాగే బండి

ఉదయం ఏడు కాలేదు, వంటింట్లో అప్పుడే గిన్నెల మోత మొదలైంది. మోగిస్తున్నది బుల్లి. ముప్ఫై ఏళ్లొచ్చినా, పన్నెండేళ్లుగా తండ్రి షెడ్డులో కార్ల కింద పడుకుని పని చేస్తున్నా, ఇంట్లో ఆమె బుల్లే. కోపం మాత్రం ఏనాడూ బుల్లిగా వచ్చిన పాపాన పోలేదు. ఆ రోజు టీ గిన్నె మీదికి వచ్చింది.

"ఆ గిన్నె ఏం చేసిందే నిన్ను?" అంది తల్లి.

"గిన్నెనేమీ అనడం లేదు."

"మరి ఎవర్ననాలో వాళ్లనే అను. నాకు గిన్నెలైనా మిగులుతాయి."

అనాల్సిన మనిషి వాకిట్లో ఉంది. అన్న భార్య. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఆరు నెలలైంది. కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ, "మావయ్యా, బయల్దేరదామా?" అని పిలుస్తోంది. లోపల్నుంచి బుల్లి తండ్రి, ఊరంతా మేస్త్రీ అని పిలిచే మనిషి, "ఇదిగో వచ్చేశా తల్లీ" అంటూ చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

తల్లీనట! షెడ్డులో తనను ఆ పిలుపు పిలిచిన రోజులు బుల్లి వేళ్ల మీద లెక్కపెట్టగలదు. "పదమూడో నంబరు స్పానరివ్వు", "అటు తిరిగి పట్టుకోవే" - తన వంతుకు వచ్చిన ముద్దు మాటలు ఇవీ.

ఆ షెడ్డుకి స్టీరింగు పనిలో పేరుంది. బండి పక్కకి లాగినా, చేతిలో వణికినా, మలుపు తిరిగాక తిన్నగా రానని మొరాయించినా జనం మేస్త్రీ దగ్గరికే తెస్తారు. కింద పనంతా బుల్లిది. నడపడం ఆమెకీ వచ్చు గానీ, రోడ్డు మీద నడిపి చూడటం ఆయనదే. తిన్నటి రోడ్డు మీద రెండు వేళ్లతో స్టీరింగు పట్టుకుని, ఓ క్షణం వదిలేసి, బండికి ఏం జబ్బో చెప్పేసేవాడు. "నాకెప్పుడిస్తావు నాన్నా?" అంటే "ఇంకో ఏడాది ఆగవే" అనేవాడు. బుల్లి ఆగింది. రేపు ఈ షెడ్డు తనదవడమంటే ముందు ఆ సీటు తనదవడమేనని ఆశ పెట్టుకుని మరీ ఆగింది. నెలన్నర క్రితం ఆ సీట్లో వదిన కూర్చుంది.

వదిన పెళ్లికి ముందు డ్రైవింగ్ స్కూల్లో నేర్పేది. నడపడంలో దిట్టే, కాదనడానికి లేదు. కానీ బానెట్ ఎత్తితే బిక్కమొహం వేస్తుంది. అలాంటి మనిషి స్టీరింగు పట్టుకుంటే, మేస్త్రీ పక్క సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇప్పుడేమనిపిస్తోందమ్మా? వణుకు చేతికొస్తోందా, సీటుకొస్తోందా?" అని బుజ్జగిస్తూ అడుగుతాడు. బుల్లి ఒకసారి గేటు దగ్గర నిలబడి చెవులారా విన్నది. ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది ఓ నర్సు గారి చిన్న కారు. ఎవరో వాడిన బండిని కొనుక్కున్నారావిడ. పది రోజులకే అది ఎడమకి లాగడం మొదలుపెట్టింది. ఆస్పత్రికి రోజూ పెద్ద రోడ్డు మీద వెళ్లాలి. "గట్టిగా పట్టుకోకపోతే పక్కన పోయే లారీ కిందకి తీసుకుపోయేలా ఉందండీ" అని చెప్పుకున్నారావిడ.

మేస్త్రీ ముందు టైర్లు అటుది ఇటూ ఇటుది అటూ మార్పించాడు. లాగుడు పోలేదు. దారం కట్టి చక్రాల వరస చూశారు, సరిగ్గానే ఉంది. స్టీరింగు కీళ్లన్నీ బుల్లి పట్టి ఊపింది, ఒక్కటీ వదులు లేదు. పొద్దున పూట జాకీ మీద ఎత్తి తిప్పితే రెండు చక్రాలూ హాయిగా తిరిగాయి. అలా మూడు రోజులు గడిచాయి. ఈ మధ్యాహ్నం నర్సు గారు బండి కోసం వస్తారు.

అసలు సంగతి బుల్లికి తెలుసు.

నిన్న సాయంత్రం వాళ్లిద్దరూ బండి తిప్పి తెచ్చి ఇంటికెళ్లాక, ముందు ఎడమ చక్రం నిండా నల్లటి పొడి కనిపించింది. చెయ్యి పెట్టబోయి చురుక్కుమంటే తీసేసింది. కుడి చక్రం చల్లగా ఉంది. బ్రేకు! పెడల్ వదిలినా ఆ ఒక్క చక్రాన్ని బ్రేకు వదలడం లేదు. బ్రేకు నూనె వెళ్లే రబ్బరు గొట్టం పాతబడి లోపల ఉబ్బి, వెళ్లిన నూనెని వెనక్కి రానివ్వడం లేదు. బండి చల్లారాక పట్టు సడలిపోతుంది కాబట్టే పొద్దున పూట దొంగ దొరకలేదు. అంతా తెలిసీ బుల్లి నోరు మెదపలేదు. 'ఆవిడ గారే చెప్పనీ, సీటు ఆవిడదేగా' అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత తన మీద తనకే చిరాకేసింది. పొద్దున్నే వదిన చేతిలో తాళాలు చూడగానే ఆ చిరాకు కాస్తా ఎగిరిపోయింది.

షెడ్డులో మిగతా పనులయ్యాక రోడ్డెక్కిన కారు పదకొండింటికి తిరిగొచ్చింది.

"ఇంకా లాగుతూనే ఉంది మావయ్యా," అంటూ దిగింది వదిన. "పోను పోను ఎక్కువైంది. చివర్లో రెండు చేతులా బిగించి పట్టుకోవాల్సొచ్చింది."

"పోను పోను ఎక్కువైందా? శభాష్! బాగా చెప్పావమ్మా."

శభాష్ అన్న మాట బుల్లి చెవిన పడింది. అంతే, చేతిలోని స్పానరు నేలకేసి కొట్టింది.

"మెచ్చుకో నాన్నా, ఇంకా మెచ్చుకో! సన్మానం కూడా చేసెయ్!"

"ఏమైందే నీకు?"

"నాకేమవుతుంది? పన్నెండేళ్లు నీ వెనకాల నూనెలో దొర్లాను. జ్వరమొచ్చినా వచ్చాను. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ఆ సీట్లో కూర్చోబెట్టావా? నిన్నగాక మొన్న వచ్చినావిడకి తాళాలిచ్చేశావు. బ్రేకు నూనెకీ ఇంజన్ నూనెకీ తేడా తెలీదు ఆవిడకి!"

"బుల్లీ, నేను చెప్పేది..." అంది వదిన.

"నువ్వాగు వదినా. మా అన్నయ్యనిచ్చాం, చాలదా? మా నాన్న కూడా కావాలా నీకు?"

వదిన ముఖం పాలిపోయింది. ఏదో చెప్పబోయి మావయ్య వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల ఆడించాడు. అది బుల్లి కంట పడనే పడింది. ఓహో, ఇద్దరికీ సైగలు కూడానా! ఆమెకు ఒళ్లంతా భగ్గుమంది.

మేస్త్రీకి పనిలో ఉంటే పక్కన పిడుగు పడ్డా వినబడదు. "పోను పోను ఎక్కువైతే బ్రేకు పట్టేస్తూ ఉండాలి," అంటున్నాడు తనలో తాను. "నిన్న చూస్తే చల్లగానే ఉంది. ఇంకోసారి చూద్దాం." వంగి ఎడమ చక్రం రేకు మీద అరచెయ్యి ఆనించాడు.

బుల్లి అక్కసుగా చూస్తూ నిలబడింది. ఇప్పుడు చురుక్కుమంటుంది, ఇప్పుడు తీసేస్తాడు, అప్పుడు చెబుతా వీళ్ల సంగతి అనుకుంది.

ఆయన తియ్యలేదు. వేళ్లు పరిచి, ఇంకాస్త గట్టిగా నొక్కి, తల పక్కకి వంచి ఆలోచించాడు. "ఊహూఁ. చల్లగానే ఉందమ్మా. బ్రేకు కాదు."

"నాన్నా!"

ఒక్క ఉదుటున వెళ్లి బుల్లి ఆ చెయ్యి లాగేసింది. అరచెయ్యి ఎర్రగా కమిలి, వేళ్ల మొదట్లో చర్మం పొంగుతోంది. ఆయన ఎవరి చెయ్యో చూస్తున్నట్టు దాన్ని చూసుకున్నాడు.

"నీకు... తెలియలేదా నాన్నా?"

వదిన అప్పటికే బకెట్టుతో నీళ్లు తెచ్చింది. "ఇక దాచడం నా వల్ల కాదు మావయ్యా," అంది ఏడుస్తూ. "నెలన్నరైంది బుల్లీ. షుగరు. ముందు పాదాలు మొద్దుబారాయి, తర్వాత చేతులు. పెడల్ ఎంత నొక్కారో తెలియక ఓ రోజు గోడకి గుద్దబోయారు. అప్పుడు పక్కనున్నాను కాబట్టి నాకు తెలిసింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. అప్పట్నుంచీ నా చేత నడిపించి, నేను చెప్పేది విని జబ్బు పోల్చుకుంటున్నారు."

బుల్లి బకెట్టు పక్కనే కూలబడి తండ్రి చేతిని నీళ్లలో ముంచి పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదు? నేనేమైనా పరాయిదాన్నా?"

"నీకు ఎలా చెప్పనే?" అన్నాడు మేస్త్రీ. "నా పనంతా నా చేతుల్ని చూసి నేర్చుకున్నావు. ఆ చేతులే పనికి రాకుండా పోయాయని నీతో అనడానికి నోరు రాలేదు. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుంటే మొదటి మలుపు తిరిగేలోపే కనిపెట్టేస్తావు."

"నన్ను చూస్తే నీకు కుళ్లుగా ఉందని నాకు తెలుసు బుల్లీ," అంది వదిన కళ్లు తుడుచుకుంటూ. "నాకు మాత్రం ఉండదా? రోజూ నేను చెప్పిందంతా వింటారు. విని చివరికి ఒకటే మాట. మా బుల్లయితే ఈపాటికి పేరుతో సహా చెప్పేసేది అంటారు. నెలన్నరగా వింటున్నాను. ఇవాళ ఒక్క శభాష్ దక్కింది. దానికీ నువ్వు స్పానరు విసిరేశావు."

బుల్లికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. లోపల దాచుకున్నది అప్పుడు బయటికి తన్నుకొచ్చింది.

"నాకు నిన్నే తెలుసు నాన్నా, చక్రం కాలుతోందని. కుళ్లుతో చెప్పలేదు. వదిన ఈ బండితోనే రోడ్డెక్కుతుంటే నోరు మూసుకుని చూశాను. చెప్పుంటే నీ చెయ్యి..." ఆపైన వెక్కిళ్లు.

"అది తప్పే," అన్నాడు మేస్త్రీ. "కోపముంటే నా మీద చూపించు, పడతాను. బండి మీద చూపించకు. అందులో మనుషులు కూర్చుంటారు. నేను దాచడమూ తప్పే అనుకో. లే, ముఖం కడుక్కో. నర్సు గారు వచ్చేస్తారు."

మావయ్య చేతికి వదిన మందు రాసి కట్టు కట్టింది. బుల్లి రెండు వైపులా కొత్త గొట్టాలు బిగించింది. బ్రేకులో చేరిన గాలి తియ్యాలంటే లోపల ఒకరు పెడల్ నొక్కాలి, కింద ఒకరు మర తిప్పాలి. "నొక్కు వదినా... పట్టుకో... ఆఁ, వదులు" అంటూ బుల్లి కింద నుంచి కేకలు. "ఇప్పుడొదిలింది బ్రేకు నూనెనా, ఇంజన్ నూనెనా?" అని పైనుంచి వదిన. బుల్లి కారు కింద పడుకునే నవ్వేసింది.

పని అయ్యాక వదిన తాళాలు తెచ్చి బుల్లి చేతిలో పెట్టి, తను వెనక సీట్లోకి వెళ్లి కూర్చుంది. మేస్త్రీ పక్క సీట్లో సర్దుకున్నాడు. పది కిలోమీటర్లు నడిపాక తిన్నటి రోడ్డు వచ్చింది. బుల్లి ఓ క్షణం స్టీరింగు వదిలింది. బండి గీత గీసినట్టు ముందుకి సాగింది. పన్నెండేళ్లుగా ఇదే కోరుకుంది. ఇలా వస్తుందని తెలిస్తే కోరుకునేది కాదు. చూపు మసకబారి రోడ్డు పక్కన బండి ఆపేసింది. స్టీరింగు మీద తల వాల్చి చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఏడుస్తూ నడిపేవాళ్లని మా స్కూల్లో ఫెయిల్ చేసేవాళ్లం," అంది వెనక నుంచి వదిన.

మేస్త్రీ కట్టు లేని చేతిని కూతురి తల మీద వేశాడు. అటూ ఇటూ నిమిరాడు.

"ఇవాళ తల దువ్వుకున్నావా లేదా? నాకేమీ తెలియడం లేదే," అన్నాడు నవ్వబోతూ.

"నాకు తెలుస్తోంది నాన్నా," అంది బుల్లి తల ఎత్తకుండానే. "తియ్యకు."