అటక మీది స్విచ్

"రాజాం బస్సు వెళ్లిపోయిందా?" ఫోన్‌లో గొంతు.

"సీటు దొరకలేదు. నిలబడే వెళ్లాలి," అన్నాడు ఏజెంట్ యుగంధర్.

కోడ్ సరిపోయింది. విజయనగరం ఆఫీసు నుంచి చీఫ్ మురళీమోహన్ సూటిగా విషయానికి వచ్చాడు.

"ఆపరేషన్ ఈ ఉదయమే. నాలుగు బోట్లు ఒడ్డుకొస్తాయి. ఒకదాంట్లో విదేశీ ముఠా కొరియర్ ఉంటాడు, డిటొనేటర్లతో. ఏ బోటన్నది చివరిదాకా మారుస్తూనే ఉంటారు. వాడు ఎక్కిన బోటుకి, ముఠాలో చేరిన మన ధనరాజ్ ఎర్ర తువాలు కడతాడు. నువ్వు కెమెరాలో చూసి చెప్పగానే మెరైన్ పోలీసులు దాని మీద పడతారు."

"తప్పు బోటు చెబితే?"

"అసలువాడు తప్పించుకుంటాడు. ధనరాజ్ మిగలడు. తమలో మన మనిషి ఉన్నాడని ముఠాకి తెలిసిపోయింది. ఎవరన్నదే తెలియదు. సరే, ఆ కెమెరాల స్విచ్ బాగుపడిందా?"

"లేదు సార్. రీస్టార్ట్ అవుతూనే ఉంది."

చీఫ్ ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

యుగంధర్‌కి ఆ ఇంట్లో ప్రతిదీ రోతగానే ఉంది. రొయ్యల మేత కంపెనీ ప్రతినిధి వేషంలో శ్రీకాకుళం తీరాన ఒక పల్లెలో, బుల్లమ్మ ఇంట్లో దిగాడు. దిగినప్పటి నుంచీ ముసురు. గోడలకి చెమ్మ, పక్క మీద ఈగలు. అన్నిటినీ మించి కంపు. అన్నం ముద్ద ఎత్తితే కంపు, ఆవలిస్తే కంపు. వేషానికి తెచ్చిన మేత బస్తాల కంపేనని మొదట సరిపెట్టుకున్నాడు. కానీ బస్తాలు బయట పడేసినా అది తగ్గలేదు, పెరిగింది.

డాబా మీద నీళ్ల ట్యాంకు చాటున దాచిన కెమెరాల వైర్లన్నీ ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్‌లో కలుస్తాయి. కెమెరాలకి కరెంటు కూడా దాన్నుంచే. అది కాసేపు పనిచేస్తుంది, ఆరిపోతుంది, మళ్లీ తనంతట తానే లేస్తుంది. పోనీ డాబా ఎక్కి కళ్లతోనే చూద్దామంటే, ఒడ్డున ముఠా కాపలావాడు కనిపెట్టేస్తాడు.

మన ఏజెంటు ఊరికే కూర్చోలేదు. అడాప్టర్ మార్చాడు. ప్లగ్ మార్చాడు. వోల్టేజ్ అనుమానించి ఇన్వర్టర్‌కి కలిపాడు. కిందికి వేలాడే కేబుళ్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. చేయనిదల్లా ఒకటే, స్విచ్ ముఖం చూడటం. అది అటక మీద ఉంది. వచ్చిన రోజున తానే పెట్టాడు. కానీ ఆ కంపంతా అటక మీంచే దిగుతోంది. నిచ్చెన రెండు మెట్లెక్కి, ప్రతిసారీ దిగిపోయాడు. శత్రువు పిస్తోలుకి వెరవనివాడు వాసనకి వెరిచాడు.

తలుపు చప్పుడైంది. హేమ. నల్లకళ్లద్దాలు, మడత నలగని పట్టుచీర, గదిని ముంచెత్తే సెంటు. ముఠాలో కొరియర్‌కి సెక్రటరీ, మనకి ఇన్ఫార్మర్. సెంటూ ఆ కంపూ కలిసేసరికి యుగంధర్ ముక్కు మూసుకున్నాడు.

"మీ స్విచ్‌ని పడగొడుతున్నది మా వాళ్ల జామర్, యుగంధర్ గారూ. నా కళ్లతో చూశాను. దానికి విరుగుడు ఇదీ," అంటూ పెన్‌డ్రైవ్ లాంటి చిన్న డాంగుల్ తీసింది. "ల్యాప్‌టాప్‌కి పెట్టండి, చాలు."

స్క్రీన్ మీద నాలుగు బోట్లు. అలల్లో ఊగుతూ దగ్గరికొస్తున్నాయి. ఒక బోటు మీద ఎవరో తువాలు విప్పుతున్నాడు. అంతలో స్క్రీన్ నల్లబడింది.

"త్వరగా!" అంది హేమ.

యుగంధర్ డాంగుల్ అందుకున్నాడు. అప్పుడే బుల్లమ్మ చేటతో లోపలికొచ్చింది.

"ఏటి బాబూ, అలగ ముక్కు మూసుకున్నావు? నాలుగు నెత్తళ్లు దింపుకోనీ. కూరొండాల."

"నెత్తళ్లా? ఆ చిన్న చేపలా? ఎక్కడున్నాయి పిన్నీ?"

"అటక మీద. ముసురుకి ఎండక మెత్తబడిపోతన్నాయి. మీ పెట్టి ఎచ్చగా ఉన్నాది కదేటి? దాని మీద గోనిపట్టా ఏసి పరిసీసినాను. ఎండితే నీకూ కూర ఎడతాను."

చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. యుగంధర్ డాంగుల్‌ని బల్ల మీద పడేసి నిచ్చెన ఎక్కాడు. ఊపిరి బిగబట్టినా కంపు గొంతులోకి దిగింది. తడిగోనె కింద స్విచ్ కాలిపోతోంది. గాలి సందుల్లో పొలుసులు, చేప నూనె, తెల్లగా కదులుతున్న పురుగులు. కళ్లు మూసుకుని వేళ్లతోనే గీకేశాడు. ఒక పురుగు మణికట్టు మీదికి పాకింది. గోనెనీ చేపలనీ పక్కనున్న గంపలోకి లాగేసి, చొక్కా విప్పి దాంతో స్విచ్‌కి గాలి విసిరాడు.

పచ్చ దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. కింద ల్యాప్‌టాప్‌లో సముద్రం మళ్లీ కనిపించింది. ఒడ్డు తాకబోతున్న మూడో బోటుకి ఎర్ర తువాలు రెపరెపలాడుతోంది.

"మూడోది! గో!" అటక మీంచే రేడియోలో అరిచాడు.

తర్వాతే బుర్ర పనిచేసింది. స్విచ్‌ని పడగొట్టింది నెత్తళ్లయితే, హేమ కళ్లారా చూసిన జామర్ ఎక్కడిది? సందట్లో సడేమియాలా వచ్చి అంటగట్టబోయిన ఆ డాంగుల్ గుచ్చి ఉంటే, ల్యాప్‌టాప్‌లోని ధనరాజ్ ఫొటో ఈపాటికి ముఠా చేతిలో ఉండేది. అతన్ని ముఠాలోకి పంపింది యుగంధరే. నెత్తళ్ల కంపుకన్నా ఆ సెంటు వాసనే ఎక్కువ అసహ్యమనిపించింది.

హేమ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. పిస్తోలు బయటికొచ్చేలోగా యుగంధర్ అటక మీంచి కుమ్మరించిన గంపెడు నెత్తళ్లు ఆమె నెత్తిన పడ్డాయి. పురుగులు చీర మడతల్లోకి జారాయి. పిస్తోలు వదిలేసి కెవ్వుమంది. దాన్ని బుల్లమ్మ కాలితో మంచం కిందికి తన్నింది.

"ఒలమ్మో! నా నెత్తళ్లు! తొక్కీకే, ఒసే, అలాగే ఉండు!"

ఒడ్డున కొరియర్‌ని డిటొనేటర్లతో సహా పట్టుకున్నారు. కాసేపటికి ధనరాజ్ వచ్చాడు. తువాలు కట్టింది మొదలు కుళ్లు చేపల మధ్య బోటు అడుగున దాక్కుని, బట్టలు మార్చుకోకుండా బతికొచ్చిన మనిషి. అతన్ని ప్రాణాలతో చూసేసరికి యుగంధర్‌కి కళ్లు చెమర్చాయి. చేతులు చాచి ముందుకెళ్లాడు.

ధనరాజ్ ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏటి సార్ ఈ కంపు? ముందు తానం సేసి రండి."