మూడో స్లాటులో నోగామి

నాలుగో కుర్చీ నాకే దక్కిందని ఫోన్ వచ్చినప్పుడు నేను వీడియో షాపులో నిచ్చెనెక్కి పై అర దులుపుతున్నాను. షాపు ఓనరు రిసీవరు పైకి అందించాడు.

"నోగామి నువ్వేనా? సోమవారం వచ్చెయ్. బొటనవేళ్లు రెండూ బాగానే ఉన్నాయిగా?" అంది ఓ బొంగురు గొంతు.

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ!" అని అరిచి, నిచ్చెన మీద ఉన్న సంగతి మర్చిపోయి ముందుకి అడుగేశాను. బొటనవేళ్లు నిజంగానే బాగున్నాయి. ఎడమ మడమే వారం రోజులు వాచింది.

ఇది రాస్తున్న ఇవాళ్టికి నాకు పెళ్లై సరిగ్గా పదకొండు రోజులైంది. ఏది చూసినా నవ్వొస్తోంది. సబ్బు పెట్టెలో రెండు సబ్బులుంటే నవ్వు, గుమ్మంలో రెండు జతల చెప్పులుంటే నవ్వు. అందుకని ఆ మడమ వాపు దగ్గర్నుంచే మొదలుపెడుతున్నాను.

ఆ ఫోన్ కాండా పేటలోని 'పికోటెన్' వారపత్రిక నుంచి వచ్చింది. కొత్తగా వచ్చే ప్రతి వీడియో గేమ్‌నీ అక్కడ నలుగురు ఆడతారు. ఒక్కొక్కరు పదికి ఇన్నని మార్కులు వేసి, కింద మూడు వాక్యాలు రాస్తారు. మొత్తం నలభై. ముప్ఫై వస్తే గేమ్ పేరు పక్కన వెండి ముద్ర పడుతుంది. ఎవరి మార్కులు వాళ్లు కవరులో పెట్టి అంటించి, బుధవారం మధ్యాహ్నంలోగా డబ్బాలో వెయ్యాలి. అప్పటిదాకా పక్కవాడికి చెప్పకూడదు, అడగకూడదు. స్కూలు రోజుల నుంచీ నేను ఆ నాలుగు అంకెలు చూశాకే గేమ్ కొనేవాణ్ణి.

మొదటి కుర్చీ ఉకై సాన్‌ది, అంటే ఉకై గారిది. ఆ బొంగురు గొంతు ఆయనదే, డెస్కుకి పెద్ద కూడా ఆయనే. రెండో కుర్చీలో మినేగిషి సాన్, ఊళ్లో ఎవరి ప్రేమ కథైనా తనదే అన్నట్టు పట్టించుకునే మనిషి. మూడో కుర్చీలో ఇసోబె సాన్. ఆవిడ అప్పటిదాకా ఏ గేమ్‌కీ పదికి పది వెయ్యలేదు.

మొదటి రోజే ఆవిడ కొంప ముంచాను.

శాంపిల్ క్యాసెట్ ఒక్కటే ఉంది. అది ఆవిడకీ నాకూ కలిపి. అందులో ఆట దాచుకోవడానికి స్లాట్లు మూడు. మొదటి రెండిట్లో హీరోలకి చక్కటి పేర్లున్నాయి. మూడో స్లాటులో హీరో పేరు 'ఆఆఆ' అని ఉంది. ఎవరో పరీక్ష కోసం బటన్ మూడుసార్లు నొక్కి వదిలేసి ఉంటారనుకుని, దాని మీదే నా ఆట దాచేశాను.

పక్కన టీ కప్పు ఠప్పుమని చప్పుడైంది.

"నోగామి సాన్. ఆ 'ఆఆఆ' ఎక్కడ?"

"తుడిచేశానండీ. చెత్త కదా."

"అది నేను. ముప్ఫై ఒక్క గంటల నేను!"

"మీరా? హీరోకి ఎవరైనా అలాంటి పేరు పెడతారా?"

"వారానికి ఆరు గేములు ఆడేదాన్ని. ప్రతివాడికీ బారసాల చేస్తూ కూర్చోనా? ఆ పైరెండూ కంపెనీవాళ్లు వదిలేసినవి. తుడిస్తే అవి తుడవాలి!"

నేలలోకి కుంగిపోయాను. రాత్రీ పగలూ ఆడి అదే చోటికి తెచ్చిస్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మీరు నడిచిన దారికి నేను మార్కులెలా వేస్తాను? నేనే నడవాలి."

రెండో స్లాటు నిర్దాక్షిణ్యంగా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పేరు పెట్టడానికి సమయం తీసుకుంది. ఒక్కో అక్షరం ఏరి మరీ పెట్టింది.

హీరో పేరు 'నోగామి'.

"ఇక పొరపాటున కూడా తుడవరుగా?" అంది తెరమీంచి చూపు తిప్పకుండా. సాయంత్రానికి మళ్లీ పలకరించింది. "ఇవాళ మిమ్మల్ని మూడుసార్లు చంపాను. ఒకసారి కప్ప చేతిలో పోయారు. మరీ సుకుమారం మీరు."

ఆ కప్ప చేతిలో పోయిన క్షణం నుంచే అనుకుంటా, నేను మనిషిని కాకుండా పోయాను.

తర్వాత వచ్చిన ప్రతి గేమ్‌లోనూ ఆవిడ హీరో పేరు నోగామే. నేను రాక్షసులతో పోరాడాను, ట్రాక్టరు నడిపాను, ఒకసారి రాకుమారిగా కూడా పుట్టాను. "కిరీటం బాగా నప్పింది మీకు" అంది ఆవిడ. నా తెర మీద నా హీరో ఎక్కడున్నాడో నాకు తెలియడం మానేసింది. నా చెవులు రెండూ పక్క కుర్చీలోనే ఉండేవి.

అలా వింటూ వింటూ ఆవిడ నాకు కంఠతా వచ్చేసింది. గేమ్ విసుగనిపిస్తే బియ్యపు బిస్కెట్లు కరకర నమిలేది. అంటే ఐదు. కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంటే ఏడు. బార్లీ టీ ముట్టుకోకుండా చల్లారిపోతే ఎనిమిది. బుధవారం కవరు మీద వంగినప్పుడు నా చెయ్యి దానంతటదే ఆ అంకె వేసేది. పత్రికలో పక్కపక్కన ఎనిమిదీ ఎనిమిదీ, ఐదూ ఐదూ అచ్చయితే, శుభలేఖ మీద రెండు పేర్లు చూసినంత సంబరం నాకు.

ఆరో వారం నీగాతా నుంచి టోఫు కొట్టాయన రాసిన కార్డు వచ్చింది. ఉకై సాన్ పైకి చదివాడు.

"మూడో కుర్చీ, నాలుగో కుర్చీ ఒకే మనిషా? అయితే రెండో టీ ఖర్చు మిగుల్చుకోండి."

మినేగిషి సాన్ పడీ పడీ నవ్వాడు. ఇసోబె సాన్ నవ్వలేదు. పాత సంచికలు ఆరూ తీసి, వేలితో అంకెలు తడుముకుంటూ వెళ్లింది. తర్వాత నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది.

"నా కవరు తెరిచారా?"

"అయ్యో, లేదండీ!"

"మరి?"

"బిస్కెట్లు..." అన్నాను.

"ఏ బిస్కెట్లు?"

చెప్పేశాను. కరకరలు, కాళ్లు, చల్లారిన టీ, అన్నీ. ఆవిడ చెవులు ముందు గులాబీ రంగుకి తిరిగాయి. ఆ రంగు చూసి నేను ఆశపడేలోగా ముఖం మొత్తం ఎర్రబడింది. అది కోపం.

"నెలకో గేమ్ కొనుక్కోగలిగినవాళ్లు మనల్ని నమ్మి కొంటారు. నలుగురు చెప్పారని నమ్ముతారు. ముగ్గురం చెప్పి నాలుగు పేర్లు వేస్తున్నామన్నమాట. నాకు పక్కన మనిషి కావాలి నోగామి సాన్, అద్దం కాదు."

ఆ సాయంత్రమే తన టీవీ ఎత్తుకుని స్టోరు గదిలోకి మారిపోయింది. తలుపు వేసుకుంది.

మూడు వారాలు నా పక్కన ఖాళీ కుర్చీ. ఎదురుపడితే "నమస్కారం", అంతే. మొదటిసారి నా తెర నాకు కనబడింది. ఏ గేమ్‌కి నేనేం వేస్తానో నాకే తెలియడం లేదని అప్పుడర్థమైంది. నెమ్మదిగా నేర్చుకున్నాను.

అప్పుడొచ్చింది ఆ దీపస్తంభం గేమ్, ఈసారి చెరో శాంపిల్ క్యాసెట్‌తో. సముద్రం ఒడ్డున ఒంటరి కాపలాదారు రోజూ మెట్లెక్కి దీపం వెలిగించాలి. అంతే. రాక్షసుడు లేడు, రాకుమారీ లేదు. రెండో రోజుకి నాకు ఆవలింతలు. మూడో రోజుకి కుర్చీలోనే కునుకు.

బుధవారం పొద్దున మినేగిషి సాన్ నా చెవి దగ్గరికొచ్చాడు. "అబ్బాయ్, ఇసోబె స్టోరు గదిలోంచి ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. పది ఖాయం. జన్మలో మొదటి పది! కనీసం ఎనిమిదైనా వెయ్. రాజీకి ఇంతకంటే మంచి రోజు దొరకదు."

పెన్ను పట్టుకుని పావుగంట కూర్చున్నాను. ఎనిమిది వేస్తే ఆవిడ మళ్లీ నవ్వుతుందేమో. వేస్తే నేను మళ్లీ అద్దాన్నే. కళ్లు మూసుకుని నాలుగు వేశాను. కింద రాశాను: "సముద్రం చాలా బాగుంది. కానీ ప్రతి రాత్రీ అదే మెట్లు, ఒక్కో మెట్టూ నేనే ఎక్కాలి. ఓపిక ఉన్నవాళ్ల ఆట, నాకు లేదు."

మధ్యాహ్నం ఉకై సాన్ కవర్లు చించాడు.

"నాది ఏడు. మినేగిషి ఎనిమిది. ఇసోబె... ఓహో, పది!" ఆగాడు. "నోగామి, నాలుగు. మొత్తం ఇరవై తొమ్మిది."

ఒక్క మార్కుతో వెండి ముద్ర పోయింది. మినేగిషి సాన్ తల పట్టుకున్నాడు. ఇసోబె సాన్ నా కాగితం అందుకుని రెండుసార్లు చదివింది. లేచి గొడుగు తీసుకుంది.

"నోగామి సాన్, భోజనానికి వస్తారా? మీతో పోట్లాడాలి."

వాన దంచేస్తోంది. గొడుగు ఒక్కటే. స్టేషను పక్క సోబా నూడుల్స్ బండి దాకా పోట్లాట ఆగలేదు.

"ఆ మెట్లే కదా ఆట! నూట పద్దెనిమిది. ఎక్కుతుంటే ఊపిరి చప్పుడు మారుతుంది, విన్నారా అసలు?"

"విన్నాను. నా గురక అనుకున్నాను."

"పదహారో రాత్రి దీపం ఆరిపోతే?"

"హమ్మయ్య, ఇవాళ్టికి సెలవు అనుకున్నాను."

"మీది గుండేనా?"

"గుండే. కాకపోతే మెట్లెక్కి అలిసిపోయింది."

నూడుల్స్ గిన్నె మీద ఆవిరిలోంచి ఆవిడ ఫక్కున నవ్వింది. మూడు వారాల నవ్వు ఒక్కసారే వచ్చింది. దగ్గు కూడా వచ్చింది. నీళ్లిచ్చాను.

"నా మీద కోపం రాలేదా? వెండి ముద్ర పోగొట్టాను" అన్నాను.

"వచ్చింది. ఇంకా ఉంది. ఇరవయ్యేళ్లు పోట్లాడినా తీరనంత ఉంది." గిన్నెలోకి చూస్తూ గొంతు తగ్గించింది. "కానీ నాలుగో కుర్చీలో ఇవాళ ఒక మనిషి కూర్చున్నాడు."

తడి గొడుగుతో తిరిగి వచ్చాక స్టోరు గదిలోకి తీసుకెళ్లి టీవీ పెట్టింది. మూడో స్లాటు తెరిచింది. దీపస్తంభం, సముద్రం, పై మెట్టు మీద లాంతరుతో కాపలాదారు. పక్కన పేరు: నోగామి.

"నా మీద అంత కోపంలో కూడానా?"

"చేతికి అలవాటైపోయింది." చెవులు గులాబీ రంగుకి తిరిగాయి. ఈసారి అక్కడే ఆగాయి. "నలభై రెండు గంటలు. గాలివానలు తొమ్మిది. ఒక్క మెట్టు మీద కూడా నిన్ను జారనివ్వలేదు, తెలుసా?"

మొదటిసారి 'నిన్ను' అంది.

"ఈ ఆటకి ఇంకో రెండు మార్కులు కలపనా?" అన్నాను.

"కలిపావంటే చంపుతాను. కప్పతో."

ఆ వానాకాలం వెళ్లి, చలికాలం వచ్చింది. పెళ్లి నమోదు కాగితంలో మా ఇద్దరితోపాటు సాక్షులిద్దరి పేర్లూ, సంతకాల బదులు పేరు చెక్కిన ముద్రలూ ఉండాలి. ఎవరిని అడగాలా అని మేం ఆలోచించనేలేదు. ఓ మంగళవారం సాయంత్రం కాగితం డెస్కు మీద పరిచాం.

ఉకై సాన్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "నాలుగు పేర్లు. నాలుగు ముద్రలు. కింద మూడు వాక్యాలు రాయడానికి చోటివ్వలేదేం?"

"మార్కులు ఒకరికొకరు చూపించుకోకుండా వేద్దామా?" అన్నాడు మినేగిషి సాన్, అప్పటికే కళ్లు తుడుచుకుంటూ.

"ఒకటి చెప్తున్నా" అని ఉకై సాన్ ముద్ర మీద ఊదాడు. "పెళ్లయ్యాక మీ అంకెలు మళ్లీ జంటగా వచ్చాయో, ఇద్దర్నీ చెరో గదిలో పెడతా."

"రావు లెండి" అన్నాం, ఇద్దరం ఒకేసారి.

ఆయన ముద్ర కాస్త వంకరగా పడింది. మినేగిషి సాన్ ముద్ర మీద కన్నీటి బొట్టు పడితే కయో గబగబా అద్దింది. కయో అంటే ఇసోబె సాన్. ఇంకా అలవాటు కావాలి నాకు.

కాగితం ఆరేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాం.

"రేపు ఎనిమిదిన్నరకి వార్డు ఆఫీసు తలుపు తీస్తారు" అంది. "మొదటి వరసలో ఉండాలి. ముద్ర మర్చిపోకు. అక్కణ్ణుంచి పరుగున ఇక్కడికి. పదింటికి కొత్త శాంపిల్ వస్తుంది, స్లాట్లు మూడే. మూడోది నాది."

"హీరో పేరు?"

"నోగామి." కాగితం మడిచి తన సంచిలో పెట్టుకుంది. "కానీ రేపటి నుంచి అది నా ఇంటిపేరు కూడా. కాబట్టి ఆడేది నువ్వో నేనో తేలదు, జాగ్రత్త. ఎనిమిదిన్నర. ఆలస్యం చేశావంటే తుడిచేస్తాను."