ఎర్ర తాయెత్తు, నీలం తాయెత్తు

"చిప్పు చిటికెన వేలి గోరంత. అది పోయిందంటే ఎనిమిదేళ్ళ పని గంగపాలు" అంది చీఫ్ మొగామి.

ఏజెంట్ వకుయి తలూపాడు. సెండాయ్ లాబ్‌లో డాక్టర్ అకామా చేసిన చిప్పు అది. మెదడులాగే చూసి నేర్చుకుంటుంది. నేర్చుకున్నది ఎలక్ట్రాన్ల స్పిన్‌లో దాచుకుంటుంది, కరెంటు తీసేసినా మరిచిపోదు. లోకంలో అలాంటిది ఒక్కటే ఉంది. ఒక విదేశీ ముఠా దానిమీద కన్నేసింది.

"కాపలాకి మీరిద్దరు. ఏజెంట్ షియోరి లాబ్ అసిస్టెంటు వేషంలో ఉంటుంది. నువ్వు డాక్టరు గారి డ్రైవరువి. మనసు మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళు."

"అలాగే మేడమ్."

వదలడం అతని వల్ల కాలేదు. కొత్త సంవత్సరం నాడు షియోరి గుడి నుంచి రెండు గుడ్డ తాయెత్తులు తెచ్చింది. డాక్టరుకి ఎర్రది, పెళ్ళి కుదరడానికి. వకుయికి నీలంది, రోడ్డు ప్రమాదాలు జరగకుండా.

"నాకూ ఎర్రది తేకూడదూ?"

"డ్రైవరు గారికి ముందు కారు క్షేమం కదండీ!" అని నవ్వింది.

ఆ డాక్టరులో ఏముందో వకుయికి అర్థం కాలేదు. వేడి సూప్ తాగితే కళ్ళద్దాలకి ఆవిరి పట్టేది. అవి షియోరి తుడిచేది. చూస్తున్న వకుయికి ఒళ్ళు మండిపోయేది.

లాబ్ గేటు దగ్గర గార్డు బయటికి వెళ్ళేవాళ్ళ పెన్నులూ, బూట్లూ, లంచ్ డబ్బా కూడా విప్పి చూసేవాడు. డాక్టరు మెడలోని ఎర్ర తాయెత్తుని మాత్రం రెండు చేతులా అందుకుని, రెండు చేతులా తిరిగిచ్చేవాడు. తాయెత్తు విప్పితే మహిమ పోతుంది. విప్పే మనిషి ఆ ఊళ్ళో లేడు.

ఏడాది తిరిగింది. షియోరికి టోక్యో ప్రయాణం పడింది. డాక్టరు సాగనంపడానికి వచ్చాడు. వకుయి సామాను మోశాడు. బుల్లెట్ రైలు కదలడానికి ఇంకొక్క నిమిషం.

"డాక్టరు గారూ, ఆ తాయెత్తు ఇలా ఇవ్వండి. పాతదైపోయింది. గుడిలో అప్పగించి కొత్తది తెస్తాను."

"దానికేం భాగ్యం!" అని డాక్టరు మెడలోంచి తీశాడు.

వకుయి ఇక ఆగలేకపోయాడు. లోపల ప్రేమలేఖే ఉంది! ఏడాదిగా ఈయన గుండెలమీద మోస్తున్నది అదే! చటుక్కున లాక్కుని, పళ్ళతో దారం కొరికేశాడు.

"ఏమయ్యా, పాపం తగుల్తుంది!" డాక్టరు కేకపెట్టాడు.

లేఖ లేదు. చిప్పు జారి అరచేతిలో పడింది. పొద్దున లాబ్‌లో డాక్టరు కోటుతోపాటు తీసి కొక్కేనికి తగిలించిన తాయెత్తులో షియోరి దాన్ని పెట్టి కుట్టేసింది. ఏమీ తెలియని డాక్టరే గేటు దాటించాడు.

షియోరి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. వకుయి సూట్‌కేసుని ఆమె మోకాళ్ళకేసి తోశాడు. ఆమె కూలబడింది, పిస్టల్ పట్టాలమీద పడింది. రైలు తలుపులు మూసుకున్నాయి. లోపల చిప్పు కోసం కాచుకున్న ముఠా మనిషి చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయాడు.

"ఎలా కనిపెట్టావయ్యా?" అంది సాయంత్రం చీఫ్.

"ప్రేమలేఖ ఉందనుకున్నాను మేడమ్."

"రిపోర్టులో 'నిశిత పరిశీలన' అని రాయి. ఏదీ, నీ నీలంది?"

ఆమె దాన్ని కత్తెరతో విప్పింది. లోపల బియ్యపుగింజంత ట్రాన్స్‌మిటర్. ఏడాదిగా వకుయి ఎక్కడ తిరిగినా షియోరికి తెలుస్తూనే ఉంది.

వకుయి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు.

"అంటే మేడమ్, రోజూ నా గురించే ఆలోచించేదన్నమాట" అన్నాడు, మొదటిసారి డాక్టరు మీద జాలిపడుతూ.