ఆమెన్ మామ్మ

మా గుడిలో పీఠం మీద పరిచే తెల్లగుడ్డలు ఉతికేది నేను. చూసేవాళ్లకి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది గానీ దానికీ ఒక పద్ధతుంది. మొదటిసారి జాడించిన నీళ్లు తూములో పారబొయ్యకూడదు. మొక్క మొదట్లో పొయ్యాలి. పూజలో ఫాదర్ గారు పల్చటి గోధుమ అప్పం విరిచినప్పుడు ఏ నలుసో ఆ గుడ్డ మీద రాలుతుంది. నలుసైనా సరే, అది ప్రభువు శరీరమే. నాకు పెళ్లి కాలేదు, అన్నయ్య ఇంట్లోనే ఉంటాను. ఆదివారం మధ్యాహ్నం పెరట్లో కూర్చుని ఆ గుడ్డలు జాడిస్తుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. ఇప్పుడు లేదు.

మా వదిన పని ఇంకా గొప్పది. గుడికి రాలేని రోగుల ఇళ్లకి సత్ప్రసాదం, అంటే పూజలో పవిత్రం చేసిన ఆ అప్పం, తీసుకెళ్లే బాధ్యత ఫాదర్ గారు ఆవిడకి అప్పగించారు. ఆదివారం పూజ కాగానే మందసంలోంచి అప్పాలు తీసి, చిన్న గుండ్రటి బరిణెలో పెట్టి, ఆ బరిణెని ఆవిడ మెడలో వేస్తారు. ఇక చూడాలి ఆ నడక! ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ, మా ఇంట్లో పూర్తి మొగుడు వదినే. అన్నయ్య ఊ అనాలన్నా ముందు ఆవిడ మొహం చూస్తాడు.

వాళ్లకి ఒక్కతే కూతురు, చిట్టి. ఎనిమిదేళ్లది. నా చేతుల్లోనే పెరిగింది. ఆ నెలాఖరి ఆదివారం అది మొదటిసారి సత్ప్రసాదం తీసుకోవాలి. సిస్టర్ గారు నేర్పిన పాఠమంతా నాకు అప్పజెప్పేది. నాలుక చాపాలి. నమలకూడదు. అంగిలికి అతుక్కుంటే వేలు పెట్టి గీకకూడదు. నేను గుండ్రటి బిస్కెట్టు ఎత్తి పట్టుకుని "క్రీస్తు శరీరము" అంటే "ఆమెన్" అనేది. స్నానం చేస్తున్నా, నిద్రలో ఉన్నా, ఆ మాట చెవిన పడితే చాలు ఠక్కున "ఆమెన్" వచ్చేది. మేమిద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. వదిన మాత్రం ఫాదర్ గారి వెంటపడి ఒక మాట సంపాదించింది. చిట్టి నాలుక మీద మొదటి సత్ప్రసాదం పెట్టేది ఆయన కాదు, వదినే.

ఆమెన్ మామ్మ సంగతి కూడా చెప్పాలి. ముందు బల్లలో కూర్చునే ముసలావిడ, బొత్తిగా చెవుడు. తన గొంతు తనకే వినపడదు కాబట్టి సత్ప్రసాదం తీసుకునేటప్పుడు "ఆమెన్!" అని ఒక్క కేక పెట్టేది. కప్పులో పావురాలు ఎగిరేవి. గుడంతా నవ్వేది. ఫాదర్ గారు కూడా పెదవి కొరుక్కునేవారు. తర్వాత మామ్మకి పక్షవాతం వచ్చింది. మాటంతా పోయి ఆ ఒక్క మాటే మిగిలింది.

మామ్మ కొడుకు లేతు మిషన్ పనివాడు. షాపు కింద, కాపురం పైన. ఆ గదిలో వాతం నూనె, తడిసిన పరుపు, మందులు, అన్నీ కలిసిన వాసన. మా వదిన ముక్కు సంగతి చెప్పక్కర్లేదు, పక్కింట్లో పాలు విరిగినా పసిగడుతుంది. అందుకని ఆ ఇల్లు ఎప్పుడూ చివరికి పెట్టుకునేది. రానురాను మెట్లెక్కడం కూడా మానేసింది. కింద నిలబడి "వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాలే మామ్మా!" అని అరిచి, మామ్మ కోసం తెచ్చిన అప్పం అక్కడే తన నోట్లో వేసుకుని వచ్చేసేది. ఈ మాట ఆవిడ వెంట వెళ్లే చిట్టి చెప్పింది నాకు. చెవిటి ముసలిదానికి కింది నుంచి అరవడమేమిటో, ఆ అరుపు ఎవరికి వినపడాలనో, వదినకే తెలియాలి.

ఒకరోజు మామ్మ కోడలు బజారులో కనిపించి అంది, "ఆదివారం వచ్చిందంటే చాలండీ, నోరు తెరుచుకుని పడుకుంటుంది. చీకటి పడేదాకా మూయదు. ఈగలు తోలలేక చస్తున్నాను."

చిట్టి పండక్కి ముందు ఆదివారం, పూజ చివర ఫాదర్ గారు, "రేపు పొద్దున నేనే వెళ్లి మామ్మని చూసొస్తాను" అన్నారు. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. కోడలు నోరు విప్పిందంటే మెడలో బరిణె పోతుంది. కూతురికి తన చేత్తో ఇచ్చే భాగ్యమూ పోతుంది.

ఆ సాయంత్రం ముసురు పట్టి ఉంది. పొద్దుటి అప్పం ఒకటి బరిణెలో మిగిలే ఉంది. వదిన నన్నూ చిట్టినీ వెంటబెట్టుకుని బయల్దేరింది. షాపు మూసేసి ఉంది. కరెంటు లేదు. మిషన్ నూనె వాసన, కాళ్లకింద ఇనప రజను కరకర. ఇనప మెట్ల మీద ఖాళీ బకెట్టుతో దిగుతూ కోడలు ఎదురైంది.

"అమ్మయ్య, వచ్చారా! పదండి, నోరు తెరుచుకునే ఉంది. నీళ్లు పట్టుకుని వచ్చేస్తా."

గదిలో కొవ్వొత్తి వెలిగించి చిట్టి చేతికిచ్చాను. వాసన మొహాన కొట్టింది. మామ్మ వెల్లకిలా ఉంది. నోరు బావిలా తెరుచుకుని ఉంది. కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. దుప్పటి తొలగి ఉంటే సర్దబోయి పాదం ముట్టుకున్నాను.

ఇనుములా ఉంది. కింద షాపులో ఇనుములా.

"వదినా..." అన్నాను. "మామ్మ పోయింది."

"నోర్ముయ్."

"పోయినవాళ్లకి పెట్టకూడదు వదినా. ఆమెన్ అనడానికి ప్రాణం ఉండాలి కదా. బరిణె వెనక్కి తీసుకెళ్దాం పద."

"తీసుకెళ్లి? నేను రాకుండానే పోయిందని ఊరంతా చెబుతుంది వాళ్ల కోడలు. వారంలో చిట్టి పండగ పెట్టుకుని..."

మెట్ల మీద బకెట్టు చప్పుడు. ఠంగ్... ఠంగ్... కోడలు పైకి వస్తోంది.

వదిన కొంగుతో ముక్కు మూసుకుంది. బరిణె తీసింది. అలవాటు కొద్దీ అననే అంది.

"క్రీస్తు శరీరము."

"ఆమెన్."

నా వెనక నుంచి. చిట్టి. కొవ్వొత్తి పట్టుకుని, బిస్కెట్టుకి చెప్పినట్టే, ఠక్కున చెప్పేసింది.

వదిన అప్పాన్ని ఆ నోట్లోకి తోసింది. ఎండిన నాలుకకి తగిలి అంచు చిట్లింది. గోరంత ముక్క వేలికి అంటుకుంది. దాన్ని గబుక్కున నాకేసింది. అప్పుడు... మామ్మ నోరు మూసుకుంది. ఎవరూ ముట్టుకోలేదు. మెల్లిగా, చిగుళ్లు రెండూ కలిసిన మెత్తని చప్పుడుతో.

కోడలు బకెట్టు దించి, ఆశగా అడిగింది. "తీసుకుందా?"

"తీసుకుంది తల్లీ," అంది వదిన. "ఆమెన్ అంది కూడా."

కోడలు కళ్లనీళ్లు పెట్టుకుని వదిన చేతులు కళ్లకద్దుకుంది. ప్రాణం పోయిందని ఆ తర్వాతే చూసుకుంది. సత్ప్రసాదం నోట్లో ఉండగా కన్నుమూసిన పుణ్యాత్మురాలని ఊరంతా చెప్పుకున్నారు. సమాధి దగ్గర ఫాదర్ గారు వదిన సేవని మెచ్చుకున్నారు. వదిన వినయంగా తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

చిట్టి అన్నం మానేసింది.

మొదట అలిగిందనుకున్నాం. "నోట్లో ఏదో అతుక్కుంది అత్తా, దిగట్లేదు" అంది. టార్చి వేసి చూశాను. అంగిలి ఎర్రగా, శుభ్రంగా ఉంది. ఏమీ లేదు. "వేలు పెట్టి గీకకూడదు కదా అత్తా?" అని అడిగింది. నిద్రపోతే నోరు తెరుచుకునేది. ముద్దు పెట్టుకోబోయి ఆగిపోయాను. దాని ఊపిరి వాతం నూనె వాసన వేసింది.

నేను వదిన కాళ్లు పట్టుకున్నాను. "ఫాదర్ గారికి చెప్పు. ఈ ఆదివారం ఆపు. పిల్లకేదో అవుతోంది."

"గౌను కుట్టించాను. చుట్టాలందరికీ చెప్పాను. ఆదివారం కానీ, అప్పుడు చెబుతా."

"అయితే నేనే చెబుతా."

"చెప్పు. చెప్పి అటునుంచి అటే పో. మళ్లీ చిట్టి మొహం చూడనివ్వను."

ఆ మాటతో నా నోరు పడిపోయింది. పిల్లని వదిలి ఎక్కడికి పోను?

ఆదివారం గుడి కిటకిటలాడింది. పిల్లలంతా తెల్లబట్టల్లో వరసగా నిలబడ్డారు. చిట్టి గౌను వదులైపోయి భుజాల మీంచి జారుతోంది. నేను ముందు బల్లలో, మామ్మ కూర్చునే చోటే కూర్చున్నాను. చిట్టి వంతు వచ్చింది. ఫాదర్ గారు నవ్వుతూ పక్కకి జరిగారు. వదిన అప్పం ఎత్తి పట్టుకుంది.

"క్రీస్తు శరీరము."

చిట్టి నోరు తెరిచి నాలుక చాపింది.

నాలుక మీద అప్పటికే ఒక అప్పం ఉంది.

పాతది. బూడిద రంగులో ఉంది. ఒక పక్క అంచు చిట్లి ఉంది... గోరంత మేర.

వదిన చూసింది. నేనూ చూశాను. చిట్టి కళ్లలో నీళ్లు, అమ్మ తీసేస్తుందేమోనని ఆశ. తియ్యొచ్చు. ఎవరూ తీసుకోలేని అప్పాన్ని తెచ్చినవాళ్లే తినాలి, లేదా నీళ్లలో కరగబెట్టి మట్టికివ్వాలి. వదినకి తెలియంది కాదు. కానీ వెనక చుట్టాలున్నారు. పక్కన ఫాదర్ గారున్నారు. వదిన నవ్వు మొహంతోనే, కొత్త అప్పాన్ని పాతదాని మీద పెట్టి నొక్కింది.

"మింగు," అంది పళ్ల మధ్య నుంచి.

చిట్టి మింగింది. తర్వాత నోరు తెరిచింది.

"ఆమెన్!"

కప్పులో పావురాలు ఎగిరాయి. అలవాటు కొద్దీ గుడంతా గొల్లున నవ్వింది. ఒక్క క్షణం. తర్వాత ఎవరికి వారే ఆపేశారు.

ఆ నోరు మళ్లీ మూతపడలేదు.

దవడలో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. మేడమీది గదిలో చిట్టిని పడుకోబెట్టాం. వెల్లకిలా, కళ్లు గుమ్మం మీదే. దూదితో నీళ్లు పిండితే గుటక వేసేది, అంతే. వదిన అప్పుడు ఫాదర్ గారి కాళ్ల మీద పడి అంతా కక్కింది. ఆయన మొహం నల్లబడింది. బరిణె లాక్కుని, తనే సత్ప్రసాదం తెచ్చారు. ఆయన మంచం దగ్గరికి రాగానే చిట్టి నోరు బిగించేసింది. వెళ్లగానే తెరిచింది.

గదంతా ఆ వాసనే. ఎంత కడిగినా పోలేదు. వదిన గుమ్మం దాటేది కాదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "రేపు వచ్చి నీ దగ్గర పడుకుంటాలే చిట్టీ" అనేది. కన్నకూతురు! నాకు ఆవిడ గొంతు నులమాలనిపించేది.

మొన్న ఆదివారం సాయంత్రం మళ్లీ ముసురు పట్టింది. దూది తడపబోతుంటే చిట్టి పెదవులు కదిలాయి. చెవి ఆనించాను.

"ముక్క తక్కువైంది అత్తా," అంది. "అమ్మ దగ్గరుంది."

నేను లేచి వదిన రెక్క పట్టుకుని లోపలికి తోశాను. "పో. వాసనైతే చచ్చిపోతావా? నీ కూతురు అడుగుతోంది."

వదిన గుక్కపట్టి ఏడుస్తూ మంచం మీద కూర్చుంది. చిట్టి చిన్న చెయ్యి చాచి తల్లి చెంప నిమిరింది. నా గుండె కరిగింది. తల్లి స్పర్శ తగిలితే పిల్ల తేరుకుంటుందనుకున్నాను. నీళ్లు అయిపోతే బకెట్టు తీసుకుని కిందికి వెళ్లాను.

నిండు బకెట్టుతో సగం మెట్లెక్కాను. పై నుంచి వినపడింది.

"ఆమెన్."

వదిన గొంతో... చిట్టి గొంతో... రెండూ కాదో...

పరిగెత్తాను. చిట్టి మంచం మీద లేచి కూర్చుని ఉంది. నోరు మూసుకుని ఉంది! ఇన్నాళ్లకి! సంతోషంతో ఏడుపొచ్చింది. వదిన పక్కనే గోడకి ఆనుకుని ఉంది. పెదవులు గట్టిగా బిగిసి ఉన్నాయి. కళ్లు గుమ్మం మీద, నా మీద ఉన్నాయి.

"వదినా?"

ఆవిడ పాదం ముట్టుకున్నాను.

ఇనుము.

"చిట్టీ..." బకెట్టు నా చేతిలోంచి జారిపోయింది. "అమ్మకేమైంది? ఏం పెట్టావే అమ్మకి?"

చిట్టి నా వైపు తిరిగి, పెద్ద ఆరిందాలా నవ్వింది.

"తీసుకుంది తల్లీ," అంది. "ఆమెన్ అంది కూడా."

అని, తన వేలికి అంటుకున్నదేదో గబుక్కున నాకేసింది.