మిషను వీధి సొంఠి కేకు

“బాగుంది,” అన్నాడు సుగుణాకర్, ఇడ్లీ ఇంకా నోట్లో పెట్టకముందే.

అందులో అతని తప్పేం లేదు పాపం. ఆ కాలంలో అందరూ అంతే. కంచం ముందు కూర్చోగానే ముందు ‘బాగుంది’ అనేస్తారు, ఆనక తింటారు. తుమ్మినవాణ్ణి ‘చిరంజీవ’ అన్నట్టు అదొక అలవాటు. అతని భార్య దీవెన కూడా ఆ మాట విన్నదీ లేదు, విననిదీ లేదు. చేతిలో కేకు పిండి గిన్నె పెట్టుకుని తన పనిలో తానుంది.

బాగుండక ఏమవుతుంది మరి! నరసాపురం ఇళ్ళల్లో పొయ్యి వెలిగించడం మానేసి ఒక తరం దాటిపోయింది. పిండో కూరో కలిపి వంటింటి గోడ అరలో పెడితే చాలు, గోడలోపలి దారిన జర్రున జారి వీధి చివరనున్న రుచికొలిమికి చేరుతుంది. వీధిలో ప్రతి మనిషి నాలుకముద్రా ఆ కొలిమి దగ్గరుంది. ఎవరికి ఉప్పెంత, ఎవరికి తీపెంత, ఎవరు ఎంత కారం ఓర్చుకోగలరు, అంతా దానికి కంఠతా వచ్చు. వెళ్ళేది ఒకే గిన్నె అయినా, తిరిగొచ్చేసరికి ఎవరి వాటా వాళ్ళ నాలుకకు తగ్గట్టుంటుంది. ఎక్కువైంది పీల్చేస్తుంది, తక్కువైంది చేర్చేస్తుంది. ‘ఇదేం కూర?’ అంటూ మొగుడు కంచం నెట్టేసే రోజులు పోయాయి. అందుకు ఆడవాళ్ళంతా కొలిమికి దండం పెట్టారు కూడా.

అయినా పేరు ప్రతిష్ఠలు ఎక్కడికీ పోలేదు. మిషను వీధిలో క్రిస్మస్ కేకంటే దీవెనదే. అందరి కేకులూ అందరికీ నచ్చే కాలంలో ఆవిడ ఒక్కదానికే పేరెలా వచ్చిందంటారా? వారసత్వంగా వచ్చింది. నిప్పుల కాలంలో వాళ్ళ నాయనమ్మ మార్తమ్మ కేకు చేస్తే ఆ వాసన గోదావరి రేవుదాకా కొట్టేదట. ఆ చెయ్యి మనవరాలికి వచ్చిందని ఎవరో అన్నారు. అందరూ ఔనన్నారు. అందరికంటే గట్టిగా దీవెన నమ్మింది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చి ఆవరణలో వేసే కేకుల బల్లమీద నట్టనడిమి చోటు ఏటా ఆమెదే. ఆ చోటే ఆమెకు నగా, నాణెమూ.

ఆ ముందురోజు ఇదే.

తాటిబెల్లం, జీడిపప్పు, ఖర్జూరం, ఎండబెట్టిన నారింజ తొక్కల పొడి అన్నీ పిండిలో పడ్డాయి. ఆఖరున సొంఠి డబ్బా తీసింది. ‘కేకు కోస్తే సొంఠి వాసన తెలియాలే పిల్లా’ అనేది నాయనమ్మ. వీధి మొత్తంలో కేకులో సొంఠి వేసేది వీళ్ళ ఇంట్లోనే. ఏం చిత్రమో గానీ, ఏటా కోసినప్పుడు దీవెనకు ఆ వాసనే తగలదు. అందుకని ఏటికేడాదీ కొంచెం కొంచెం పెంచుకుంటూ వస్తోంది.

“ఈసారైనా తెలుస్తుందో లేదో,” అనుకుని ఇంకో గుప్పెడు దులిపింది.

అంతలో పక్కింటి నవోమి టిన్ను పట్టుకుని వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. మాట తక్కువ, మొహమాటం ఎక్కువ.

“వదినా, ఒక్కసారి చూస్తారా? సరిపోయిందంటారా?”

దీవెన తొంగిచూసింది. “ఇదేంటి నవోమీ, ఇంత నల్లగా ఉంది?”

“పంచదార మాడ్చి పాకం పోశానండీ. మా అమ్మ అలాగే పోసేది.”

“మాడ్చావా! సర్లే, కంగారు పడకు. కొలిమి చూసుకుంటుందిలే,” అంది దీవెన జాలిగా.

ఇద్దరూ టిన్నులు అరలో పెట్టారు. అర కదల్లేదు. మళ్ళీ నెట్టారు. కదల్లేదు. గోడలోంచి కొలిమి గొంతు తాపీగా పలికింది.

“వీధివాసులకు మనవి. రుచికొలిమి ఉష్ణకోశం పగిలినది. మరమ్మతు బృందం పండుగ అనంతరం విచ్చేయును. అంతరాయమునకు చింతిస్తున్నాము. పండుగ శుభాకాంక్షలు.”

“నీ శుభాకాంక్షలు తగలెయ్యా!” అంది దీవెన.

నిమిషంలో వీధి వీధంతా రోడ్డు మీదికొచ్చింది. ప్రతివాళ్ళ చేతుల్లోనూ పచ్చిపిండి టిన్నే. పక్కవీధి కొలిమికి తీసుకెళ్దామని ఒకరన్నారు గానీ, దానికి వీళ్ళ నాలుకలు తెలియవు. తెలియని గిన్నె వస్తే తలుపు దగ్గరే తిప్పి పంపేస్తుంది. కేకుల్లేని క్రిస్మసా అని ముసలీ ముతకా నిట్టూర్చారు.  ఆ నడిమి చోటు ఖాళీగా ఉండడం దీవెన ఊహకే అందలేదు.

అప్పుడు అరుగు మీద, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ కూర్చున్న ఆమె అత్తగారు కృపమ్మ నోరు విప్పింది.

“మస్తాన్ బట్టీ ఉందిగా. మా రోజుల్లో ఎక్కడున్నాయే ఈ కొలుములు? పిండి కలుపుకుని, టిన్నులు నెత్తినెట్టుకుని ఆ బేకరీకే పోయేవాళ్ళం. వరసలో నిలబడి కాల్పించుకొచ్చేవాళ్ళం.”

మస్తాన్ పోయి చాలాకాలమైంది. మనవడు కరీముల్లా ఆ కొట్టులోనే చేపల వలలు అమ్ముతున్నాడు. ఇటుకల బట్టీ నిండా వలలే కుక్కి ఉన్నాయి. టిన్నులతో ఊరేగింపుగా వచ్చినవాళ్ళను చూసి అతను బిత్తరపోయాడు.

“మామ్మగారండీ, మా తాత ఇందులో కేకులు కాల్చేవోడని చెప్పుకోగా వినడమేనండి. నాకు అగ్గిపుల్ల గియ్యడం కూడా రాదండి బాబూ!”

“నాకు మాత్రం ఏం వచ్చురా? నేను వరసలో నిలబడ్డదాన్నేగా,” అంది కృపమ్మ. “వలలు బయటికి లాగు ముందు.”

వలలు లాగారు. ఎవరో సరుగుడు కట్టెలు తెచ్చారు, ఎవరో ఎండు కొబ్బరి మట్టలు తెచ్చారు. చర్చిలో కొవ్వొత్తుల కోసం ఉంచిన అగ్గిపెట్టె తెచ్చి, పుల్లలు సగానికి సగం విరగ్గొట్టి, ఆఖరికి ఎలాగో అంటించారు. పొగకి అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి. ఒక్కరూ ఇంటికి పోలేదు. కట్టెలు కాలి కణకణలాడాక నిప్పులు ఓ పక్కకి లాగేశారు.

“మరి వేడి సరిపోయిందో లేదో ఎలాగండీ?” అడిగాడు కరీముల్లా.

“మీ తాత బట్టీలోకి చెయ్యి పెట్టేవాడు. మేం పరలోక ప్రార్థన చెప్పేవాళ్ళం. అనుదినాహారం దాకా వచ్చేసరికి చెయ్యి లాగేస్తే, అదీ కేకు వేడి. మీ తాత నమాజు తప్పేవాడు కాదు. అయినా మా ప్రార్థన మాకంటే బాగా వచ్చేది.”

కరీముల్లా భయంభయంగా చొక్కా చేతులు మడిచాడు. వీధంతా ఒక్క గొంతుతో మొదలుపెట్టింది. ‘పరలోక’ అనేసరికే అతను “వామ్మో!” అంటూ చెయ్యి లాగేసుకున్నాడు. జనం గొల్లుమన్నారు. కాసేపు చల్లారనిచ్చి మళ్ళీ చెప్పారు. అనుదినాహారం రానే వచ్చింది, చెయ్యీ బయటికొచ్చింది. టిన్నులన్నీ లోపలికి పోయాయి.

బయటికి వచ్చేటప్పుడు కదా తెలిసింది అసలు సంగతి! టిన్నులన్నీ ఒక్క తీరువి. కొలిమి గుర్తుపట్టడానికి వాటికి అంటించే పేరుబిళ్ళలు వేడికి కరిగి, కారి, మసైపోయాయి. బెల్లం వేసినవీ, పాకం పోసినవీ అన్నీ కమిలి ఒకే రంగు తేలాయి. ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి.

“మేమైతే టిన్ను అంచుకి మేకుతో గాటు పెట్టుకునేవాళ్ళం,” అంది కృపమ్మ తాపీగా.

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అత్తయ్యగారూ!”

“చదువుకున్నోళ్ళు కదా, ఏదో ఉపాయం ఉండే ఉంటుందిలే అనుకున్నానే.”

సాయంత్రం చర్చి ఆవరణలో నక్షత్రాల దీపాలు వెలిగాయి. బల్లమీద కేకులు వరసగా పెట్టారు. నడిమి చోటు మాత్రం ఖాళీగా ఉంచారు. దీవెన కేకు ఏదో తేలాక అక్కడ పెడదామన్నారు సంఘపెద్ద దానియేలు గారు. “ఏముంది, తినగానే తెలిసిపోదూ!” అన్నారు కూడా. దీవెన నవ్వి, పమిట సర్దుకుంది.

ముక్కలు కోసి పంచారు. అందరూ అలవాటు కొద్దీ “బాగుంది, బాగుంది” అనేసి, అప్పుడు నోట్లో పెట్టుకున్నారు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ నాలుకలకు లొంగని తిండి ముసలివాళ్ళు తప్ప ఎవరూ పుట్టి ఎన్నడూ ఎరగరు. ఒకటి అడుగు మాడింది, ఇంకొకటి లోపల పచ్చిగా ఉంది. “ఇందులో తీపేది?” అని ఒకావిడ అంటే, అదే ముక్క తిన్న ఇంకొకాయన “ఇంకా తీపా తల్లీ, మొహం మొత్తుతోంది!” అన్నాడు. ఇద్దరూ ఒకే కేకు తిని పోట్లాడుకోవడం వాళ్ళకే వింతగా తోచి నవ్వుకున్నారు.

అంతలో దానియేలు గారికి పొలమారింది. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు. “మంచినీళ్ళు! అమ్మో, గొంతులో మంట! ఎవరిదమ్మా ఈ కేకు?”

బల్ల అవతలి చివర ఇంకో టిన్ను చుట్టూ జనం మూగారు. “అబ్బ! ఇదీ కేకంటే!” “ఇంకో ముక్క ఇలా పడెయ్యండి!” “ఇంకెవరిది, దీవెనదే! మార్తమ్మ చెయ్యి ఊరికే పోతుందా?” దాన్ని ఎత్తి తీసుకొచ్చి నడిమి చోట్లో పెట్టేశారు కూడా.

దీవెన మురిసిపోతూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. మెత్తగా కరిగింది. వెనకాల సన్నటి చేదు, ఆ చేదు వెంటే కమ్మటి తీపి. మాడ్చిన పంచదార. తాటిబెల్లం జాడే లేదు. తలెత్తి చూసింది. నవోమి దూరంగా గోడవారన నిలబడి, నేలచూపులు చూస్తోంది. తన కేకేదో ఆ పిల్లకి తెలిసిపోయింది. తెలిసీ నోరెత్తడం లేదు.

 దీవెన మెల్లగా బల్ల ఇవతలి చివరికి నడిచి, దానియేలు గారిని ఏడిపించిన కేకులోంచి చిన్న పలుకు తుంచుకుని నాలుక మీద పెట్టుకుంది. సొంఠి! చెవుల్లోంచి ఆవిర్లు వచ్చినంత పనైంది. చిన్నప్పుడు తీసిన ఆమె నాలుకముద్రకి సొంఠి గిట్టదు. కొలిమి ఆమె ముక్కలోంచి సొంఠి మొత్తం పీల్చేసేది. తెలియడం లేదని ఆమె పెంచుకుంటూ పోయేది. మిగతావాళ్ళ ముక్కల్లోంచి కూడా ఆ పెంచిందంతా పాపం కొలిమే ఏటా తీసేసేది. ఇన్నాళ్ళ పేరు తనది కాదు, ఆ యంత్రానిది.

సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది ఆమెకు. పక్కన సుగుణాకర్ కూడా అదే కేకు ముక్క నములుతూ ఆగిపోయాడు. అతనికీ అర్థమైంది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు ముక్క మొత్తం మింగేశాడు. ఊరుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. నడిమి చోటూ, పేరూ ఎక్కడివక్కడే ఉంటాయి. దీవెన మళ్ళీ గోడవారన ఉన్న నవోమిని చూసింది. పొద్దున తాను జాలిపడ్డ మాట గుర్తొచ్చింది. ఇంక నోరు ఆగలేదు.

“ఏవండోయ్, అందరూ వినండి! నడిమిది నాది కాదు, నవోమిది. ఈ మంటపెట్టే సొంఠి కేకు నాది!”

 దానియేలు గారు గొంతు సవరించుకున్నారు. “అమ్మా దీవెనా, కేకు తిన్నానో కషాయం తాగానో తెలీలేదమ్మా!”

ఆవరణంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో దీవెన ఏడుస్తూ నవ్వింది.  కృపమ్మ మాత్రం సొంఠి కేకు టీలో ముంచుకుని రెండో ముక్క తింటోంది. “ఏమోనర్రా, నా జలుబుకి మాత్రం దివ్యంగా ఉంది,” అంది.

దీవెన నవోమి చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కొచ్చింది. “ఆ పాకం ఎందాకా మాడ్చాలో నాకు నేర్పాలే నువ్వు.”

నవోమి కళ్ళు చెమర్చాయి. “నేర్పుతాను వదినా. అయినా నాకు కేకు చెయ్యడం వచ్చని నాకే ఇవాళ తెలిసిందండీ.”

మర్నాడు పండగ మధ్యాహ్నం. కొలిమి ఇంకా పడుకునే ఉంది. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి, పొగలో కళ్ళు నులుముకుంటూ దీవెన కోడికూర వండింది. వేడన్నంలో వడ్డించి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా నిలబడలేదు.

“బా…” అనబోయి సుగుణాకర్ ఆగాడు. భార్య మొహంలోకి చూశాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నిదానంగా నమిలాడు. ఇంకో ముద్ద కూడా తిన్నాడు.

“ఎలా ఉందండీ?” అంది దీవెన. ఆ మాట అడగడం మర్చిపోయి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు.

“ఉప్పు ఓ రవ్వ తగ్గింది.”

ఆమె కూరగిన్నె వైపు చూసింది.

“కానీ ముక్క భలే ఉడికింది దీవెనా. మసాలా కూడా బాగా పట్టింది. బాగుంది.”

“నిజంగానా?”

“ఉప్పు మాటా నిజమే, ఇదీ నిజమే.”

దీవెన చటుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది, కళ్ళనీళ్ళు అతనికి కనపడకుండా. ఉప్పు డబ్బా దించి చిటికెడు తీసింది. కూరగిన్నె దగ్గరికొచ్చి, వేసేముందు గరిటెతో కాస్త పులుసు అరచేతిలో పోసుకుని, తానే ముందు రుచి చూసుకుంది.