పిల్లల గుమ్మం దగ్గరి పాట

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఈ దూరదేశంలో మన కొండల కథ చెప్పేవాళ్లు లేరు. అందుకే విన్నది విన్నట్టు నేనే చెబుతున్నాను. భయమేస్తే చెప్పండి, ఆపేస్తాను.

మన కొండల లోయలో ఒక పాత క్రైస్తవ మఠం, దానికి ఉత్తరాన ఒక చిన్న గుమ్మం. సాకలేని తల్లులు బిడ్డల్ని దేవుడికిచ్చి అక్కడే వదిలిపోయేవారు. చీకటి పడితే అటు ఎవరూ పోరు. ఎవరో సన్నగా పాడతారని... విని వెళ్లినవాడు తిరిగి రాడని.

ఓర్ట్‌లీబ్ ఆ గుమ్మంలోంచి వచ్చినవాడే. పెద్దయ్యాక మఠం పాటల పుస్తకం రాస్తున్నాడు. లాటిన్ పాటలన్నీ అయ్యాక, చివరి తోలు పేజీలో దొంగచాటుగా అమ్మ జోల రాసుకున్నాడు — ఇంటి భాషలో, జర్మన్‌లో. మాటలున్నాయి, రాగం పోయింది. అక్షరాల మీద రాగం గుర్తులుగా గీసే కొక్కేలు రాగం తెలిసినవాడికి గుర్తుచేస్తాయంతే, తెలియనివాడికి నేర్పవు. పాటల గురువు గెరుంగ్‌ని అడుగుదామంటే, జర్మన్ కూనిరాగం వినబడితే బెత్తం తీసే మనిషి.

ఒక మంచు రాత్రి... పాట వినిపించింది. అదే జోల.

వంటింటి రూడ్‌గర్ ఓర్ట్‌లీబ్ చెయ్యి పట్టుకున్నాడు. "పోరా, నీ గొంతు వింటే దెయ్యమే పారిపోతుంది," అని గొణిగాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

ఓర్ట్‌లీబ్ విడిపించుకుని వెళ్లాడు.

గుమ్మం దగ్గర — తెల్లగా, వంగి, ఏదో... తలుపుకి నుదురు ఆనించి పాడుతోంది. పసివాడి గొంతు.

దీపం ఎత్తాడు.

గెరుంగ్!

ముసలాయన వట్టి కాళ్లు మంచులో ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. నిద్రలోనే నడిచొచ్చాడు. ఆయనా ఒకప్పుడు ఆ గుమ్మంలో వదిలిన బిడ్డే; ఆ లోయ తల్లులందరిదీ ఒకటే జోల. మొదటి చరణం పాడి ఆగిపోయాడు... మళ్లీ మొదటినుంచి... మళ్లీ అక్కడే. రెండో చరణం గుర్తులేదు.

ఆ మాటలు ఓర్ట్‌లీబ్ దగ్గరున్నాయి. విన్న రాగంలోనే మెల్లగా అందుకున్నాడు.

ముసలి చెయ్యి తలుపు మీంచి జారింది. "అమ్మా... వచ్చావా?"

ఓర్ట్‌లీబ్ దీపం కింద పెట్టి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చాను నాన్నా. చలిగా ఉంది, లోపలికి పద."

మర్నాడు ఓర్ట్‌లీబ్ ఆ పేజీ మీద కొక్కేలు గీశాడు. గెరుంగ్ కంట పడనే పడింది. చూశాడు... చూస్తూనే ఉన్నాడు. బెత్తం తియ్యలేదు. కలం అడిగి తీసుకుని, ఒక్క కొక్కెం సరిదిద్ది, వెళ్లిపోయాడు.

పుస్తకం ఇంకా ఉందంటారు. ఆ కొక్కేలు చూసి పాడగలిగేవాళ్లే లేరట. మా అమ్మ నాకు పాడింది కాబట్టి నాకొచ్చు. దీపం తగ్గించి ఇప్పుడు మీకు పాడతాను. కాగితాన్ని నమ్మకండి, నాన్నలూ... మీ పిల్లలకి మీరే పాడండి. రెండో చరణం కూడా.